బీకాం చదివి, గ్రూప్స్‌కు రెండేళ్ళు ఇచ్చి, ఇప్పుడు ఏ పని ఎంచుకోవాలి? దేవరకొండ చెల్లెమ్మకు సమాధానం

చెల్లెమ్మా, ఇతరులకు కూడా అర్థం కావడానికి మీరు రాసిన విషయాన్ని ముందుగా క్లుప్తంగా చెబుతాను. మీది దేవరకొండ దగ్గరి పల్లె. నల్లగొండలో బీకాం కంప్యూటర్స్ చదివారు. హైదరాబాద్‌లో కోచింగ్ కేంద్రాలుండే అశోక్‌నగర్‌లో హాస్టల్‌లో ఉండి, రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష అయిన గ్రూప్-2కు రెండేళ్ళు చదివారు. తర్వాత హైదరాబాద్‌లో ఒక మెడికల్ బిల్లింగ్ కంపెనీలో ఏడాది పాటు రాత్రి షిఫ్టు చేసి, మానేసి ఇంటికి వచ్చారు. మొన్నటి యాసంగిలో అమ్మ వాళ్ళ మహిళా సంఘం నడిపిన వడ్ల కొనుగోలు కేంద్రంలో లెక్కలు రాశారు. ఇప్పుడు మీ వయసు 25. నాన్న మళ్ళీ గ్రూప్స్ చదవమంటున్నారు, స్నేహితురాలు డబ్బు కట్టి డేటా అనలిటిక్స్ (కంప్యూటర్‌లో సమాచారాన్ని విశ్లేషించే పని) కోర్సులో చేరమంటోంది, చీరల డిజైన్లు గీయడం ఇష్టం కాబట్టి ఫ్యాషన్ డిజైనింగ్ వైపు పోవాలా అన్న అనుమానం మీకే ఉంది. నైపుణ్యానికీ ఇష్టానికీ సరిపోయే ఉద్యోగాన్ని ముందే తెలుసుకునే దారి ఉందా అన్నది మీ ప్రశ్న.

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల డిగ్రీ విద్యార్థులకు ఉద్యోగ మార్గదర్శనం చేసే పనిలోనే నా సర్వీసంతా గడిచింది. ఆ అనుభవంతో చెబుతున్నాను: దారి ఉంది. అయితే ఆ దారి ఉద్యోగాల పేర్లు ముందు పెట్టుకుని మనసును అడిగితే కనపడదు. గ్రూప్స్, అనలిటిక్స్, ఫ్యాషన్ అన్నవి పేర్లు మాత్రమే. పొద్దున కుర్చీలో కూర్చున్నప్పటి నుంచి సాయంత్రం లేచే దాకా ఆ పనిలో చేతులు ఏం చేస్తాయి, ఎవరితో మాట్లాడవలసి వస్తుంది, తప్పు జరిగితే ఎవరికి నష్టం అన్నది ఆ పేర్లలో ఎక్కడా ఉండదు. మనిషికి తృప్తినో విసుగునో కలిగించేవి ఆ గంటలే. కాబట్టి మీరు ఇప్పటికే గడిపిన గంటలను ముందు చదవాలి.

మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా కనిపించిన వాక్యం మీరు మధ్యలో ఎక్కడో రాసి వదిలేసినది: "కొనుగోలు కేంద్రంలో ఆ నెల ఎట్ల గడిచిందో తెలియలేదు." కొనుగోలు కేంద్రం సుఖమైన చోటు కాదని ఈ జిల్లాలో అందరికీ తెలుసు. ఎండ, దుమ్ము, గన్నీ సంచుల కొరత, లారీ రాలేదని రైతుల కోపం, అకాల వర్షం వస్తే టార్పాలిన్ల కోసం పరుగులు. అలాంటి చోట తొమ్మిది గంటలు కూర్చున్న మనిషికి సమయం తెలియలేదంటే, ఆ పనిలో ఏదో భాగం మిమ్మల్ని పట్టుకుందన్న మాట. ఆ భాగం ఏదో తేల్చుకోవడమే ఇప్పుడు చేయవలసిన మొదటి పని, అందుకే దీని మీద కాస్త ఎక్కువ సేపు నిలబడతాను.

మీరు రాసిన దాన్ని బట్టి అక్కడ మీ చేతుల మీద జరిగిన పనులు ఇవి. రైతుకు టోకెన్ ఇవ్వడం, తేమ యంత్రంలో 17 శాతం దాటితే ఇంకో రోజు ఆరబెట్టమని నచ్చజెప్పడం, కాంటా అయిన సంచులను రిజిస్టరులో ఎక్కించడం, పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్, బ్యాంకు ఖాతా సరిచూసి ట్యాబ్‌లో నమోదు చేయడం, లారీలో ఎవరి సంచులు ఎన్ని పోతున్నాయో చూపే ట్రక్ షీట్ రాయడం, మిల్లు నుంచి వచ్చిన రసీదుతో దాన్ని సరిపోల్చడం. ఒకసారి మిల్లు వాళ్ళు పదకొండు సంచులు తక్కువ వచ్చాయన్నారని, మీరు కాంటా రిజిస్టరునూ ట్రక్ షీటునూ రైతు వారీగా పక్కపక్కన పెట్టి చూసి, ఒక రైతు సంచులు తర్వాతి లారీ షీటులో పడ్డాయని పట్టుకున్నారని, ఆ రైతు డబ్బు ఆగకుండా ఖాతాలో పడిందని రాశారు. ఈ సంఘటన గురించి మీ ఉత్తరంలో ఆరు పంక్తులు ఉన్నాయి. ఏడాది చేసిన హైదరాబాద్ ఉద్యోగం గురించి రెండు పంక్తులు ఉన్నాయి.

ఇక్కడ ఒక విషయం గమనించండి. మెడికల్ బిల్లింగ్‌లో మీరు చేసినది కూడా దాదాపు ఇదే పని. అమెరికాలోని ఆసుపత్రి పంపిన బిల్లును కోడ్లతో సరిచూసి, బీమా కంపెనీ ఎందుకు తిరస్కరించిందో వెతికి, సరిచేసి మళ్ళీ పంపడం కూడా లెక్కలో తేడా పట్టుకోవడమే, పైగా అందులో మీకు మంచి రేటింగ్ వచ్చిందని మీరే రాశారు. అంటే నైపుణ్యం రెండు చోట్లా ఒకటే. ఒక చోట అది మిమ్మల్ని నిలబెట్టింది, ఇంకో చోట పిండేసింది. కాబట్టి "నాకు లెక్కల పని పడదు" అన్న మీ నిర్ణయాన్ని నేను ఒప్పుకోను. మీకు పడనిది మనిషి ముఖం కనపడని లెక్క, రాత్రిపూట చేసే లెక్క, ఫలితం తెలియని లెక్క.

దీనికి శాస్త్రీయమైన ఆధారం కూడా ఉంది. 1970లలో హ్యాక్‌మన్, ఓల్డ్‌హామ్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక పని మనిషికి తృప్తినివ్వడానికి అందులో ఉండవలసిన లక్షణాలను ఐదుగా చెప్పారు: రకరకాల నైపుణ్యాలు వాడే వీలు, మొదటి నుంచి చివరి దాకా ఒక పనిని పూర్తిచేసే అవకాశం, దాని వల్ల ఇతరుల జీవితంలో కలిగే మార్పు, స్వంతంగా నిర్ణయించుకునే స్వేచ్ఛ, పని ఎలా జరిగిందో వెంటనే తెలియడం. కొనుగోలు కేంద్రంలో మీకు ఈ ఐదూ ఉన్నాయి. టోకెన్ నుంచి ఖాతాలో డబ్బు పడే దాకా మొత్తం మీ కళ్ళ ముందు జరిగింది, తప్పు దొరికితే ఎవరి ఇల్లు తెరిపిన పడుతుందో మీకు తెలుసు. బిల్లింగ్ కంపెనీలో మీకు దక్కింది ఒక పెద్ద పనిలోని చిన్న ముక్క. జాన్ హాలండ్ అనే మనస్తత్వవేత్త 1959 నుంచి అభివృద్ధి చేసిన సిద్ధాంతంలో వృత్తి ఆసక్తులు ఆరు రకాలు. వాటిలో రికార్డులు, లెక్కలు, క్రమపద్ధతి ఇష్టపడే రకం ఒకటి, మనుషులకు సాయపడడం, వివరించడం ఇష్టపడే రకం ఒకటి. మీలో ఈ రెండూ కలిసి ఉన్నట్టు నాకు కనిపిస్తోంది. ఆ సిద్ధాంతం మీద తయారైన ఓనెట్ ఇంటరెస్ట్ ప్రొఫైలర్ అనే ప్రశ్నావళి ఉచితంగానే దొరుకుతుంది, కావాలంటే నింపి చూడండి. అయితే దాని చివర వచ్చే ఉద్యోగాల జాబితా అమెరికాది, దాన్ని పట్టించుకోకండి. ఆసక్తుల వరుస మాత్రం చూసుకోండి.

ఇక నాన్న మాట. ప్రభుత్వ ఉద్యోగం కోసం పట్టుబట్టే తల్లిదండ్రులను తప్పుపట్టే సలహాలు ఈ మధ్య ఎక్కువగా వినిపిస్తున్నాయి. నేను ఆ పని చేయను. బోర్లు ఎండి, పిల్లలను ఇంటి దగ్గర పెద్దవాళ్ళకు వదిలి, బొంబాయికో పుణేకో మేస్త్రీల వెంట వలస పోయిన తరాన్ని చూసిన ప్రాంతం మనది. నెల తిరిగేసరికి జీతం వచ్చే ఉద్యోగం విలువ మీ నాన్నకు మీకన్నా నాకన్నా బాగా తెలుసు. ఆయన భయం నిజమైనది. ఆయనకు జవాబు లెక్కలతో చెప్పాలి.

2024 డిసెంబరులో జరిగిన గ్రూప్-2 పరీక్షకు పోస్టులు 783, దరఖాస్తులు సుమారు ఐదున్నర లక్షలు. దరఖాస్తు చేసిన వాళ్ళలో సగం మంది కూడా పరీక్షకు హాజరు కాలేదు. హాజరైన వాళ్ళనే లెక్కలోకి తీసుకున్నా ఒక్కో పోస్టుకు మూడు వందల మందికి పైగా పోటీ. అసాధ్యమని నేను అనడం లేదు, ఆ 783 మందిలో మన జిల్లా పిల్లలూ ఉంటారు. కానీ మీరు ఇప్పటికే పూర్తి సమయం ఇచ్చి రెండేళ్ళు చదివారు. ఇకమీదట చదివితే సంపాదన పక్కన పెట్టి చదవవద్దన్నది నా గట్టి అభిప్రాయం. ఇంకొకటి, గ్రూప్-2 అన్నది ఒక ఉద్యోగం కాదు. నాయబ్ తహసీల్దారు రోజంతా భూమి తగాదాల మధ్య ఉంటాడు, సబ్ రిజిస్ట్రారు దస్తావేజుల మధ్య, అసిస్టెంట్ కమర్షియల్ టాక్స్ ఆఫీసరు పన్ను లెక్కల మధ్య. "గ్రూప్-2 అయితే చాలు" అని చదివేవాళ్ళలో చాలామందికి ఈ మూడింటిలో తమకు ఏది కావాలో తెలియదు. మీకు మూడోది సరిపోతుంది.

నాన్న కోరిక తీరుతూ మీకు పడే పని ఒకటి ఉంది: గ్రామీణ బ్యాంకు. 2025 జనవరి 1 నుంచి మన నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లోని ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు శాఖలు తెలంగాణ గ్రామీణ బ్యాంకులో కలిశాయి. బ్యాంకు ఉద్యోగాల పరీక్షలు పెట్టే ఐబీపీఎస్ సంస్థ గ్రామీణ బ్యాంకుల కోసం నిర్వహించే ఆర్‌ఆర్‌బీ పరీక్షకు సాధారణ వయోపరిమితి ఆఫీస్ అసిస్టెంటుకు 28, స్కేల్-1 ఆఫీసరుకు 30, కాబట్టి మీకు ఇంకా సమయం ఉంది. స్థానిక భాష రావడం అక్కడ అర్హతలో భాగం. గ్రూప్స్ కోసం మీరు చేసిన అంకగణితం, రీజనింగ్ ఇక్కడ పనికొస్తాయి. పనిలోని గంటలు చూస్తే, మహిళా సంఘాలకు బ్యాంకు ఇచ్చే లింకేజీ రుణాలు, పంట రుణాల రెన్యువల్, పింఛన్లు, ఫారం నింపలేక కౌంటరు ముందు నిలబడ్డ ముసలమ్మకు ఓపికగా చెప్పడం. పల్లె శాఖల్లో సిబ్బంది తక్కువ, రద్దీ ఎక్కువ, బదిలీలు తప్పవు. ఇవన్నీ తెలిసి కూడా ఇష్టంగా అనిపిస్తే అది మీ పని.

రెండో దారి ఆడిటర్ కార్యాలయం. నల్లగొండలో, ముఖ్యంగా మిర్యాలగూడలో, లెక్కలు రాసే ట్యాలీ సాఫ్ట్‌వేర్ బాగా తెలిసి జీఎస్టీ రిటర్నులు వేయగలిగిన మనిషికి పని దొరకకపోవడం అరుదు. అక్కడి రైస్ మిల్లుల లెక్కలు మీరు ఊహించేదానికన్నా ఆసక్తికరంగా ఉంటాయి. ప్రభుత్వం ఇచ్చిన వడ్లు మర ఆడించి క్వింటాలుకు రా రైస్ (పచ్చి బియ్యం) అయితే 67 కిలోలు, బాయిల్డ్ రైస్ (ఉప్పుడు బియ్యం) అయితే 68 కిలోలు అప్పగించాలి. తవుడు, నూక, ఊక లెక్కలు వేరుగా నడుస్తాయి. కొనుగోలు కేంద్రంలో కూర్చుని మీరు ఒక వైపు నుంచి చూసిన లెక్కనే అక్కడ రెండో వైపు నుంచి చూస్తారు. బీకాం అర్హతతో జీఎస్టీ ప్రాక్టీషనరుగా నమోదు కావచ్చు. డిగ్రీలో 55 శాతం ఉంటే సీఏ (చార్టర్డ్ అకౌంటెన్సీ) చదువులో రెండో దశ అయిన ఇంటర్‌కు నేరుగా చేరే వీలుంది, కానీ ఆ చదువు సంవత్సరాల పాటు పట్టుదల అడుగుతుంది కాబట్టి ముందు ఆరు నెలలు ఒక కార్యాలయంలో పనిచేసి ఆ తర్వాతే నిర్ణయించుకోండి. మొదట్లో జీతం హైదరాబాద్‌లో వచ్చినదానికన్నా తక్కువే ఉంటుంది, హాస్టల్ ఖర్చు, ప్రయాణాలు తీసేసి పోల్చి చూడండి.

మూడోది రైతు ఉత్పత్తిదారుల సంఘాలు, అంటే రైతులే సభ్యులుగా కలిసి సరుకు కొని అమ్ముకునే సంఘాలు. దేశంలో 10,000 సంఘాలు ఏర్పాటు చేసే పథకం 2020లో మొదలైంది. ఒక్కో సంఘానికి మూడేళ్ళ నిర్వహణ ఖర్చుల కింద 18 లక్షల రూపాయల దాకా సాయం ఉంది, సీఈఓ, అకౌంటెంటు జీతాలు అందులోంచే వస్తాయి. బత్తాయి, వేరుశనగ, కంది పండే మన జిల్లాల్లో వీటి అవసరం చాలా ఉంది. కానీ జాగ్రత్త: కాగితం మీద మాత్రమే ఉన్న సంఘాలూ ఉన్నాయి. చేరేముందు గత ఏడాది ఎంత సరుకు కొని అమ్మారో, ఆడిట్ అయిందో లేదో అడగండి. చెప్పడానికి తడబడితే అక్కడ చేరకండి.

డేటా అనలిటిక్స్ కోర్సు గురించి తక్కువే చెబుతాను. ఆ పని మంచిదే, కానీ డబ్బు కట్టే ముందు మీకు ఆ పనిలో కూర్చోగల ఓపిక ఉందో లేదో ఖర్చు లేకుండా తేల్చుకోవచ్చు. మీ కేంద్రం రిజిస్టరును ఎక్సెల్‌లో ఎక్కించి, ఏ రోజు ఎన్ని సంచులు వచ్చాయి, కాంటా అయిన ఎన్ని రోజులకు డబ్బు పడింది, ఏ మిల్లు దగ్గర లారీ ఎక్కువ రోజులు ఆగింది అని పివట్ టేబుల్ (ఎక్సెల్‌లో వివరాలను గుంపులుగా కూడి చూపే పట్టిక) వేసి చూడండి. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ పాఠాల వేదిక అయిన స్వయం పోర్టల్‌లో పాఠాలు ఉచితంగా ఉన్నాయి. రెండు వారాలు దీని మీద కూర్చున్నాక ఇంకా నేర్చుకోవాలనిపిస్తే అప్పుడు ఫీజు గురించి ఆలోచించండి. కోర్సు నడిపేవాళ్ళను అడగవలసిన ప్రశ్న ఒకటే: కిందటి బ్యాచ్‌లో తెలుగు మీడియం నుంచి వచ్చిన బీకాం విద్యార్థులకు ఎక్కడ ఉద్యోగాలు వచ్చాయి, వారిలో ఇద్దరితో నన్ను మాట్లాడనిస్తారా? ఒప్పుకోకపోతే డబ్బు మీ దగ్గరే ఉంచుకోండి.

డిజైన్ల మీద మీ ఇష్టాన్ని నేను తేలికగా తీసుకోవడం లేదు. అయితే ఫ్యాషన్ డిజైనింగ్ కళాశాలకు పోయే ముందు ఒక రోజు పోచంపల్లికో పుట్టపాకకో వెళ్ళి రండి. అక్కడి ఇక్కత్ నేతలో చీర నేసే ముందే నూలు మీద డిజైన్ పడుతుంది. గళ్ళ కాగితం మీద డిజైన్ గీసి, ఏ గడికి ఎన్ని పోగులో లెక్కపెట్టి, రంగు అంటకూడని చోట కట్టు కట్టి, అద్దకం వేసి, కట్టు విప్పి మళ్ళీ వేరే చోట కడతారు. ఒక్క గడి తప్పితే మగ్గం మీద పువ్వు చెదురుతుంది. అంటే ఆ డిజైన్ సగం బొమ్మ, సగం లెక్క. మీ నోటు పుస్తకంలోని డిజైన్లు ఒక నేతన్నకు చూపించి, ఇది నేయడానికి వీలవుతుందా, ఎక్కడ మార్చాలి అని అడగండి. ఆయన చెప్పిన మార్పులు విని ఇంటికి వచ్చి మళ్ళీ గీయాలనిపిస్తే ఆ ఇష్టం పనిగా మారగలదు. "నా డిజైన్ పాడుచేశారు" అనిపిస్తే దాన్ని సాయంత్రం పూట ఇష్టంగానే ఉంచుకోండి, దానివల్ల దాని విలువ తగ్గదు. ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం గారు బడి మధ్యలో మానేసిన మనిషి. ఆసు పోసి పోసి (నేతకు ముందు నూలును చేత్తో మేకుల చుట్టూ తిప్పే పని) తల్లి భుజం నొప్పితో బాధపడడం చూసి, ఏళ్ళ తరబడి కష్టపడి 1999లో ఆసు యంత్రం చేశారు, 2017లో పద్మశ్రీ అందుకున్నారు. ఆయనకు ఆ పని పక్కనే కనిపించిన ఒక కష్టం నుంచి వచ్చింది. ఇష్టం అంటే పుట్టుకతో లోపల దాగి ఉండేదని, దాన్ని వెతికి పట్టుకోవాలని అనుకునే పిల్లలకు నేను ఆయన గురించి చెబుతుంటాను.

వీటిలో ఏది ఎంచుకోవాలో తేలడానికి ఒక పద్ధతి చెబుతాను. గ్రామీణ బ్యాంకు ఉద్యోగి, ఆడిటర్ దగ్గర పనిచేసే అమ్మాయి, రైతు సంఘం అకౌంటెంటు, ఈ ముగ్గురిని కలవండి. ఉద్యోగం ఎలా ఉందని అడగవద్దు, బాగుందనో బాగాలేదనో చెప్పి ఊరుకుంటారు. నిన్న పొద్దున నుంచి సాయంత్రం దాకా వరుసగా ఏమేం చేశారో చెప్పమనండి. ఏ పని వాయిదా వేస్తుంటారో, ఎవరు అరుస్తారో, నెలలో ఏ వారం ఇంటికి ఆలస్యంగా పోతారో అడగండి. ఆ తర్వాత వీలైన చోట రెండు వారాలు జీతం అడగకుండా కూర్చుని పని చూడండి. రోజూ రాత్రి ఏ గంట తొందరగా గడిచిందో, ఏ గంటలో గడియారం చూసుకున్నారో రెండు పంక్తులు రాసుకోండి. మొదటి వారపు రాతలను నమ్మకండి, కొత్త చోట అంతా ఆసక్తిగానో అంతా భయంగానో ఉంటుంది. రెండో వారం నిజం చెబుతుంది.

ఇంట్లో మాట్లాడేటప్పుడు మాత్రం "నాకు ఇష్టం లేదు" అని మొదలుపెట్టకండి. నెలకు ఇంట్లో ఎంత ఇవ్వగలను, ఎప్పటి నుంచి ఇవ్వగలను, బ్యాంకు పరీక్ష ఎన్నిసార్లు రాస్తాను, ఏ వయసు దాకా రాస్తాను అన్నది ఒక కాగితం మీద రాసి నాన్న ముందు పెట్టండి. పెళ్ళి మాటలు నడుస్తున్నాయని రాశారు. లెక్కలు వచ్చిన చేతికి ఏ ఊరైనా పని ఇస్తుంది, పెళ్ళయి ఊరు మారినా ఈ నైపుణ్యం మీ వెంట వస్తుంది. ఈ మాట అమ్మకు చెప్పండి, సంఘంలో తిరిగిన మనిషి కాబట్టి ఆమెకు త్వరగా అర్థమవుతుంది.

చివరగా, బయోడేటాలో ఖాళీ సంవత్సరాలు ఎలా చూపించాలని అడిగారు. వాటిని దాచవద్దు. గ్రూప్-2కు చదివిన కాలాన్ని ఒక్క పంక్తిలో తేదీలతో రాసి వదిలేయండి. మెడికల్ బిల్లింగ్‌కు మూడు పంక్తులు ఇవ్వండి, రోజుకు ఎన్ని క్లెయిములు చూసేవారో, రేటింగ్ ఎంత వచ్చిందో అంకెలతో సహా. కొనుగోలు కేంద్రం పనిని "ఇంటి దగ్గర సాయం" అని రాశారు, దాన్ని వెంటనే తీసేయండి. ఎన్ని రోజులు పనిచేశారు, ఎంతమంది రైతుల వివరాలు నమోదు చేశారు, ఎన్ని లారీల ట్రక్ షీట్లు రాశారు, పదకొండు సంచుల తేడా ఎలా పట్టుకున్నారు అన్నది అనుభవం కింద మొట్టమొదట ఉండాలి. అంకెలు రిజిస్టరు చూసి సరిగ్గా రాయండి. గ్రామ సంఘం అధ్యక్షురాలితో సంతకం, ముద్ర వేయించిన అనుభవ పత్రం ఒకటి తీసుకుని బయోడేటాకు జతచేయండి.